తెలిసి పెట్టిన సంతకం

యలమందయ్య వచ్చేసరికి హారిక వరండాలో కూర్చుని తల దువ్వుకుంటోంది. ఆదివారం పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. గుంటూరులో మిరపకాయల నమూనాలు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగంలో చేరి ఏడాదయింది. శనివారం సాయంత్రం బస్సెక్కి మార్టూరు వచ్చి, తల్లి రాఘవమ్మ దగ్గర ఒక్కరోజు ఉండి, సోమవారం మళ్ళీ వెళ్ళిపోతుంది. తండ్రి లేడు. ఆమెకు ఆరేళ్ళప్పుడు కామెర్లతో పోయాడు.

యలమందయ్య పక్కనున్న ఉప్పలదిన్నె రైతు. అరవై దాటిన మనిషి. ఎప్పుడో పెళ్ళిళ్ళలో చూసిన ముఖమే గాని, ఇంటికి రావడం హారిక ఎరగదు.

"అమ్మ కొట్టుకెళ్ళింది తాతా. కూర్చో, వచ్చేస్తది" అంది కుర్చీ జరుపుతూ.

"నీతోనేలే అమ్మా పని." ఆయన చేతిసంచీలోంచి మడతపెట్టిన కాగితాలు తీశాడు. "ఇద్దరు కూతుళ్ళకీ పొలం పంచి రాద్దామనుకుంటన్నా. కాయితాలు చూసిన లాయరు, మీ దగ్గర కొన్నదానికి పిల్ల సంతకం కూడా ఉంటే మంచిదన్నాడు. నీకిప్పుడు వయసొచ్చింది గదా."

"మా దగ్గర ఏం కొన్నావు?"

"ఏందమ్మా అట్టా అంటావు? మీ పొలం. రెండెకరాలు."

"మాకు పొలమెక్కడిది?"

యలమందయ్య చేతిలో కాగితాలు అట్లాగే ఆగిపోయాయి. "మీ అమ్మ చెప్పలేదా?" అన్నాడు మెల్లగా. అడగకూడనిది అడిగినట్టు కళ్ళు దించుకున్నాడు. అయినా మొదలుపెట్టాక ఆపడం ఆయనకు చేతకాలేదు. హారికకు ఏడాది నిండినప్పుడు ఆమె తాత, తండ్రి తండ్రి, ఉప్పలదిన్నెలో రెండెకరాలు మనవరాలి పేర దానం రాశాడు. తాత పోయాడు, తండ్రి పోయాడు. పిల్లకు తొమ్మిదేళ్ళప్పుడు రాఘవమ్మ గార్డియనుగా సంతకం పెట్టి ఆ పొలం యలమందయ్యకు అమ్మింది.

హారిక కాగితాలు తీసుకుని చదివింది. అందులో అంతా తానే చెబుతున్నట్టు రాసి ఉంది. తన మైనారిటీలో తల్లి తనకోసం పొలం అమ్మిందనీ, ఆ పైకమంతా తన చదువుకూ పోషణకూ వినియోగమయిందనీ, తనకు లాభమే జరిగినందున ఆ అమ్మకాన్ని మేజరయిన తాను మనస్ఫూర్తిగా ఆమోదిస్తున్నాననీ. కింద ఆమె పేరు, పక్కన ఖాళీ గీత.

"ఊరికే పెట్టమననులే అమ్మా, ఎంతో కొంత ఇస్తా" అన్నాడు యలమందయ్య.

"దానికి కాదు తాతా. నాకు తెలీనివి నేను చెప్పినట్టు ఉన్నాయి ఇందులో. కనుక్కుని చెప్తా."

ఆయన వెళ్ళిన పావుగంటకు రాఘవమ్మ వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా ఆమె; నలభై మూడేళ్ళకే మోకాళ్ళు అరిగిపోయాయి. కూరల సంచీ దించుతూనే గూట్లో కాగితాలు చూసింది. వంకాయలు ఒక్కొక్కటీ తీసి పళ్ళెంలో పెట్టింది.

"అమ్మా, నాకు పొలం ఉండేదంట."

"ఉండేది."

"ఎందుకమ్మావు?"

"నీ కోసమే. నీ చదువూ అదీ..." రాఘవమ్మ తల ఎత్తలేదు. "పాత సంగతి గదా. పెట్టెయ్యి సంతకం. ముసలాయన మంచోడు."

తిరుగు బస్సులో హారికకు నిద్ర పట్టలేదు. తాను చదివింది ప్రైవేటు బడి కాదు, మార్టూరు సర్కారు బడి. డిగ్రీ ఫీజు ప్రభుత్వం కట్టింది. పుస్తకాలు సీనియర్ల దగ్గర తెచ్చుకుంది. తొమ్మిదో తరగతిలో టూరుకు పంపమంటే అమ్మ రెండు రోజులు మాట్లాడకుండా తిరిగింది. రెండెకరాల నల్లరేగడి తన చదువులో ఎక్కడ కలిసిపోయిందో ఎంత వెతికినా ఆమెకు కనబడలేదు.

ఊళ్ళో మాట దాగదు. మూడోరోజుకల్లా బాబాయి బుల్లయ్య ఫోను చేశాడు. హారిక తండ్రికి తమ్ముడు. పన్నెండేళ్ళుగా ఆ ఇంటి గడప తొక్కని మనిషి.

"ఒసే హారికా, సంతకం గింతకం పెట్టమాక. మీ తాత ఆస్తి అది. మీ అమ్మ నోరు మూసుకుని అమ్ముకుంది. అద్దంకిలో లాయరుతో మాట్లాడా. నువ్వు రా, మిగతాది నే చూసుకుంటా."

తరవాతి శనివారం సెలవు పెట్టి హారిక అద్దంకి వెళ్ళింది. దారిలో బుల్లయ్య బండి ఆపి పొలం చూపించాడు. హారిక గట్టు మీద నిలబడింది. దుక్కి దున్ని ఉంది. మృగశిర వెళ్ళిపోతున్నా వాన సరిగ్గా పడలేదు. పత్తి గింజ పెట్టడానికి చుట్టుపక్కలంతా ఆకాశం వంక చూస్తున్నారు. మట్టి మాత్రం పక్క చేలకంటే నల్లగా, వదులుగా ఉంది.

"చెరువు మట్టి తోలాడు ముసలోడు" అన్నాడు బుల్లయ్య, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. "మనప్పుడు సగం చిల్లచెట్లే, ముళ్ళకంప. సరే, అదంతా అట్టుంచు. అదిగో, ఆ కనపడేదేంటో తెలుసా? గ్రానైటు పాలిష్ యూనిట్టు. రోడ్డు పడ్డాక ఇక్కడ సెంటు రేటు చెప్తే నీకు కళ్ళు తిరుగుతయ్."

హారికకు కళ్ళు తిరగలేదు గాని, గుంటూరులో నలుగురమ్మాయిలతో పంచుకునే గది గుర్తొచ్చింది. అమ్మ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఇదంతా నాది కావచ్చు అనుకుంది. ఆ ఆలోచనకు సిగ్గేమీ కలగలేదు.

లాయరు గురునాథం గారికి డెబ్బై ఏళ్ళుంటాయి. బుల్లయ్య చెప్పుకుపోతున్నదంతా కళ్ళు మూసుకుని విన్నారు. తరవాత హారిక వైపు తిరిగారు.

"మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లయినా అమ్మకూడదమ్మా. అమ్మితే అది చెల్లదని కాదు. ఎవరు పడితే వాళ్ళు కాదనలేరు. మీ బాబాయి కాదనలేడు, మీ అమ్మా కాదనలేదు. ఎవరి ఆస్తో ఆ పిల్ల పెద్దయ్యాక వచ్చి 'నాకిది సమ్మతం కాదు' అంటే పోతుంది. అనేదాకా నిలబడే ఉంటుంది."

"అంటుందండీ. అందుకే తీసుకొచ్చా" అన్నాడు బుల్లయ్య.

"ఆవిణ్ణి చెప్పనివ్వండి." గురునాథం గారు ఆమె పుట్టినతేదీ చూశారు. "ఆగస్టు పద్నాలుగుకి ఇరవై ఒకటి నిండుతాయి. మేజరయిన మూడేళ్ళలోపు దావా వెయ్యాలి. రెండు నెలలు లేదు. ఈలోపు కాదనొచ్చు. లేదా, సరేనని రాసివ్వొచ్చు. రాశాక మళ్ళీ కాదనడానికి ఉండదు. ఏమీ చెయ్యకుండా ఊరుకున్నా గడువు దాటితే సరే అన్నట్టే."

"సరేనంటే ఈ కాగితం మీద సంతకం పెడితే చాలా అండీ?"

ఆయన యలమందయ్య ఇచ్చిన కాగితం చదివి కళ్ళద్దాలు తీశారు. "ఆ డబ్బు దేనికి ఖర్చయింది?"

"నా చదువుకని ఉంది గదండీ."

"కాగితంలో ఏముందో నేనూ చదివాను. నీకేం తెలుసో అడుగుతున్నాను."

హారిక తల అడ్డంగా ఊపింది.

"అయితే నువ్వింకా సరే అనలేవు, కాదనీ అనలేవు. ముందు తెలుసుకునిరా. ఏం జరిగిందో తెలియకుండా ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదమ్మా. రేపు ఎవరైనా దాన్నే పట్టుకుని లాగుతారు."

బయటికొచ్చాక బుల్లయ్య విసుక్కున్నాడు. "తెలుసుకునేదేముందే? సంతకం పెట్టాల్సింది దావా కాయితం మీద." హారిక ఆలోచించుకుంటానంది. అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి వచ్చింది.

అంగన్‌వాడీ వదిలిపెట్టాక రాఘవమ్మ నేలంతా తుడిచి గిన్నెలు బోర్లిస్తోంది. హారిక లోపలికి వెళ్ళి పిల్లల చాప మీద కూర్చుంది.

"అమ్మా, లాయరు దగ్గరికి వెళ్ళొచ్చా. కాదనడానికి రెండు నెలలే గడువంట. నా చదువుకు పైసా పట్టలేదు. నాకు లెక్కలొద్దు. ఎందుకో చెప్పు."

రాఘవమ్మ గిన్నె దించింది. చాలాసేపు చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ మామయ్య కోసం" అంది చివరికి.

రాఘవమ్మ తమ్ముడు చైతన్యకృష్ణకు అప్పుడు ఇరవై రెండు. హైవే మీద మోటారు సైకిలు తోలుకుంటూ, పాలిష్ యూనిట్లో పని దిగి నడిచిపోతున్న పీరు అనే మనిషిని గుద్దాడు. పీరుకు మోకాలి కింద కాలు తీసేశారు. బండికి ఇన్సూరెన్సు లేదు, కుర్రాడికి లైసెన్సు లేదు. పెద్దమనుషులు కూర్చున్నారు. పీరు భార్య చంటిబిడ్డతో వచ్చి ఓ మూల కూర్చుంది, ఒక్క మాటా మాట్లాడలేదంట. ఇంత ఇవ్వాలని తేల్చారు. రాఘవమ్మ పుట్టింట్లో అమ్మడానికి ఏమీ లేదు.

"ఆవిడ ఏడ్చినా, తిట్టినా బాగుండేదే" అంది రాఘవమ్మ. "అట్టా చూస్తా కూర్చుంది. ఆ రోజే అనుకున్నా, అమ్మేద్దామని. నీదని తెలుసు. తెలిసే అమ్మా."

"నన్నడగాలని లేదా?"

"తొమ్మిదేళ్ళ పిల్లనేం అడుగుతానే?"

"తరవాతయినా?"

"ఎప్పుడు? పదేళ్ళకా? పదో తరగతికా? పరీక్షలవగానే చెబుదామనుకున్నా. పద్దెనిమిది నిండగానే చెబుదామనుకున్నా. ప్రతి ఏడూ వచ్చే ఏడనుకున్నా. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పాల్సింది పెరుగుతా పోయింది." రాఘవమ్మ గొంతు తగ్గించింది. "రెండు నెలలేగా అంటన్నావు. ఊరుకోవే. నువ్వు సంతకం పెట్టబళ్ళేదు, దావా వెయ్యబళ్ళేదు. తేదీ దాటిపోతే దానంతటదే తేలిపోద్ది."

"ఊరుకోవడం నీకు అలవాటమ్మా" అంది హారిక. "నా గురించి పన్నెండేళ్ళు నువ్వు ఊరుకున్నావు. ఇప్పుడు నన్నూ ఊరుకోమంటావు. అవునో కాదో, ఒకసారి నా నోటితో నన్ను చెప్పనియ్యి."

ఆ రెండు రోజులూ తల్లీకూతుళ్ళు అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

సోమవారం హారిక గుంటూరు బస్సెక్కలేదు. హైవే పక్కన పీరు కొట్టు ఎక్కడని అడుగుతూ వెళ్ళింది. పాలిష్ యూనిట్లవాళ్ళు పారేసిన గ్రానైటు ముక్కల మీద ఇళ్ళకు పేర్లు చెక్కి అమ్ముతాడు పీరు. రేకుల పందిరి కింద నల్లటి పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఎవరెవరివో ఇంటిపేర్లు. కర్ర గోడకానించి, చెక్కబల్ల మీద కూర్చుని ఉలితో పనిచేస్తున్నాడతను. ఆమెను చూసి తల ఎత్తాడు.

"ఏం పేరు రాయాలమ్మా?"

"రాయడానికి కాదండీ. నేను రాఘవమ్మ గారి అమ్మాయిని."

పీరు ఉలి పక్కన పెట్టాడు. ముఖమంతా విప్పారింది. "అంగన్‌వాడీ రాఘవమ్మ గారా! కూర్చోమ్మా, కూర్చో. మీ అమ్మగారు ఒంగోలు ఆసుపత్రికి నాకు క్యారేజీ తెచ్చేవారు. రెండు నెలలు. బస్సులో అంత దూరం. నువ్వు చిన్నదానివి, ఓసారి వెంట వచ్చావు కూడా."

హారికకు ఆ ప్రయాణం లీలగా గుర్తొచ్చింది. ఎవరో బంధువులకు బాగాలేదని చెప్పింది అప్పుడు అమ్మ.

పీరు టీ తెప్పించాడు. ఆమె ఎందుకు వచ్చిందో అడగలేదు, తనే మాట్లాడాడు. ఆ డబ్బుతో ఈ కొట్టూ మిషనూ పెట్టుకున్నాడు. అప్పటి చంటిబిడ్డ ఇప్పుడు ఏడో తరగతి. మొదట్లో చైతన్యకృష్ణ మీద పళ్ళు నూరేవాడినని, ఇప్పుడు కనపడితే ఇద్దరూ తల ఊపుకుంటారనీ చెప్పాడు.

"ఎవరో పొలం అమ్మి ఇచ్చారని విన్నానమ్మా. ఎవరిదో అడగలేదు" అన్నాడు గ్లాసు తిప్పుతూ. "అడిగితే తీసుకోలేనేమోనని భయం. ఇంట్లో బియ్యం లేవు మరి. ఇప్పటికీ అడగలేదు."

హారిక నోటి దాకా వచ్చింది. అది నాదే అనాలనిపించింది. ఎవరో ఒకరికి తెలియాలి గదా అనిపించింది. పీరు కుడిచేతి వేళ్ళ సందుల్లో రాతిపొడి తెల్లగా ఇంకిపోయి ఉంది. గోడకానించిన కర్ర కొన అరిగిపోయి ఉంది. ఈయనకు చెప్పి నేనేం బాగుపడతాను, ఈ కొట్టులో ఇక మీదట ఈయనకు ఎట్లా ఉంటుంది అనుకుంది. టీ తాగేసి, పనుంది మళ్ళీ వస్తానని లేచింది.

రోడ్డు మీదకొచ్చి లారీలు పోయేదాకా నిలబడ్డప్పుడు గాని ఆమెకు తట్టలేదు, తాను చేసిందేమిటో. ఒక మనిషికి నొప్పి కలగకూడదని నిజం మింగేసి వచ్చింది. రేపు చెబుదామని కూడా అనుకోలేదు. అమ్మ కూడా మొదటిరోజు ఇట్లాగే మొదలుపెట్టి ఉంటుంది. అమ్మ చేసింది ఒప్పని దాంతో అనిపించలేదు. కాని ఆ పన్నెండేళ్ళూ ఎట్లా గడిచాయో మొదటిసారి లోపలినుంచి కనబడింది.

ఇంటికి వెళ్ళేసరికి రాఘవమ్మ అన్నం వండి, తినకుండా కూర్చుని ఉంది.

"పీరు కొట్టు చూసొచ్చా, ఆ డబ్బు ఊరికే పోలేదు. సంతకం పెడతాను" అంది హారిక. "కాని ఆ కాగితం మీద కాదు."

గురునాథం గారు కొత్త కాగితం తయారుచేశారు. జులై రెండో వారంలో అందరూ రిజిస్ట్రారాఫీసు ముందు వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. యలమందయ్య ఉతికిన పంచె కట్టుకొచ్చాడు. ఆయన ఇస్తానన్న డబ్బు హారిక వద్దంది. ఒకసారి అమ్మినదాన్ని రెండోసారి అమ్మనంది. సాక్షులుగా రాఘవమ్మా, చిలకలూరిపేట నుంచి చైతన్యకృష్ణా వచ్చారు. చైతన్యకృష్ణ ఇప్పుడు సొంత లారీ తోలుతున్నాడు.

గురునాథం గారు పైకి చదివారు. ఈ ఆస్తి తనదనీ, కోర్టు అనుమతి లేకుండా తల్లి అమ్మిందనీ, దాన్ని రద్దు చేయించే హక్కు తనకుందని తెలుసనీ. పైకం తన చదువుకు గాని పోషణకు గాని వాడలేదనీ, మేనమామ వల్ల దెబ్బ తిన్న ఒక మనిషికి పరిహారంగా ఇచ్చారనీ. ఇవన్నీ విచారించి తెలుసుకున్న మీదట, ఎవరి బలవంతమూ లేకుండా, ఆ అమ్మకాన్ని ఒప్పుకుంటున్నాననీ.

యలమందయ్య గాభరా పడ్డాడు. "లాయరుగారూ, ఆ మాట రాస్తే నా పొలానికి ఏమన్నా అవుద్దా? పిల్లకోసం ఖర్చయిందని ఉంటేనే గదా గట్టిది?"

"అబద్ధం మీద నిలబెడితే ఎప్పుడో ఒకరోజు కదులుతుంది యలమందయ్యా. అంతా తెలిసి ఒప్పుకుందని ఆవిడ నోటితోనే ఉంది. ఇక నీ కూతుళ్ళను ఎవరూ అడగరు."

చైతన్యకృష్ణ తల వంచుకుని ఉన్నాడు. "అక్క తన పొలం అమ్మిందనుకున్నానే హారికా" అన్నాడు. "ఒట్టు. నీదని ఇందాక చదువుతుంటే తెలిసింది."

"నాకూ నెల కిందటే తెలిసింది మామయ్యా" అంది హారిక.

అతను చేతిరుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. సాక్షి సంతకం పెట్టేటప్పుడు అతని పేరు గీత దాటి కిందికి జారింది. రాఘవమ్మ మాత్రం ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి మరోసారి తనే చదువుకుంది. "చదువుకు గాని పోషణకు గాని వాడలేదు" అని పెదవులు కదిలాయి. ఆ తరవాత నిదానంగా, ఒక్కో అక్షరమే రాసింది.

ఆఖర్న హారిక సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది.

బుల్లయ్య రాలేదు. ఆ రోజు నుంచి ఫోను ఎత్తడం కూడా మానేశాడు. మా అన్న కూతురు తాత ఆస్తి చేజేతులా పారేసిందని ఊళ్ళో చెబుతున్నాడని తరవాత తెలిసింది. అందులో కొంత నిజం ఉందని హారికకూ తెలుసు.

బస్సు స్టాపులో తల్లీకూతుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఉదయం పడ్డ వానకు రోడ్డు పక్కన నీళ్ళు నిలిచాయి. గుంటూరు బస్సు రావడానికి ఇంకా టైముంది.

"నాకు బాధగానే ఉందమ్మా" అంది హారిక. "సంతకం పెడితే తేలికవుతుందనుకున్నా. అవలేదు."

"పొలం పోయిందనా?"

"అదీ ఉంది. ఉండదా?"

"ఉంటది" అంది రాఘవమ్మ. కూతురు చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోవచ్చో లేదో తెలియనట్టు ఆగింది. హారికే చెయ్యి జరిపి ఆమె చేతికింద పెట్టింది.

"తాత నా పేరే ఎందుకు రాశాడు?" అని అడిగింది కాసేపయ్యాక. "బాబాయి పిల్లలుండగా?"

రాఘవమ్మ చిన్నగా నవ్వింది. అంతలో బస్సు వచ్చింది. హారిక లేవలేదు.

"తరవాత దాంట్లో వెళ్తాలే. చెప్పు."

"మీ తాతకి మాట తొందరెక్కువ" అని మొదలుపెట్టింది రాఘవమ్మ. "నువ్వు అప్పుడే నడక నేర్చావు..."